చెన్నై టి. నగర్‌లోని పాండీ బజార్‌లో రోడ్డు తగ్గించి ఫుట్‌పాత్ పెంచితే వ్యాపారం పడిపోదా?

ఆ ఒక్క కారణంతో పడిపోదు, ఇలాంటి బజారుకు గిరాకీ తెచ్చేది కారు కాదు, షాపు షాపుకీ తిరిగే మనిషి. ఒక కారు ఆపడానికి దాదాపు 12 చదరపు మీటర్ల జాగా కావాలి. ఒకే కుటుంబం ఆ జాగాని రెండు మూడు గంటలు పట్టి ఉంచుతుంది. దాన్నే నడకకు వదిలితే గంటలో వందల మంది దాటుతారు. నడిచేవాళ్ల కళ్లు షాపుల మీద పడతాయి, ఆగుతారు, బేరమాడతారు.

త్యాగరాయ రోడ్డు, అంటే పాండీ బజార్, 2019 నవంబరులో స్మార్ట్ సిటీ పథకం కింద ఇలా మారింది. అంతకుముందు ఓ చేత్తో సంచులు, ఓ చేత్తో పిల్లల్ని పట్టుకుని బండ్ల మధ్యే నడవాల్సి వచ్చేది. ఇప్పుడు చెట్ల నీడన బెంచీలున్నాయి. చీర బేరం తెగేదాకా పెద్దవాళ్లు కూర్చోవచ్చు. బైకులు పైకెక్కకుండా అడ్డంగా స్తంభాలు పాతారు. నెల్లూరు, తిరుపతి వైపు నుంచి పెళ్లి బట్టలకు వచ్చేవాళ్లకి ఇదేమీ చిన్న విషయం కాదు. అయితే బండ్లకు వేరే చోటు చూపకుండా ఈ పని చేస్తే అవన్నీ పక్క వీధుల్లోకి చేరి అక్కడివాళ్లకి ఊపిరాడదు. అందుకే 2023లో మాంబళం స్టేషన్ నుంచి టి. నగర్ బస్టాండ్‌కి నడిచి వెళ్లేందుకు వేసిన ఆకాశ వంతెన లాంటివి కూడా అంతే ముఖ్యం.

చాలామంది పొరబడేది ఒక్కచోట: పాండీ బజార్‌లోకి బండ్లే రానివ్వరని. రోడ్డు మూసెయ్యలేదు, సన్నబడిందంతే. కార్లు, ఆటోలు తిరుగుతూనే ఉంటాయి. కారు పెట్టుకోవడానికి దగ్గర్లోనే తణికాచలం రోడ్డులో అంతస్తుల పార్కింగ్ కట్టారు.