డెస్కు వదిలి బడికి వెళ్లేముందు

“పత్రికా రంగం వదిలి వేరే ఉద్యోగంలోకి వెళ్తున్నాను, తోటివాళ్లకు వీడ్కోలు సందేశం ఎలా రాయాలి?” అని మీరు అడిగారు. అసలు రాయకండి. వాట్సాప్ గ్రూపులో పెట్టిన వీడ్కోలును ఎవరూ చదవరు. మొదట ఒకరు దండం బొమ్మ పెడతారు, మిగతా నలభై మంది అదే పెడతారు.

నేను జిల్లా డెస్కులో పద్నాలుగేళ్లు సబ్ ఎడిటర్‌గా, అంటే విలేకరులు పంపే వార్తల్ని దిద్ది, కుదించి, శీర్షిక పెట్టే పనిలో ఉన్నాను. 2024 తెలంగాణ డీఎస్సీలో, అంటే టీచర్ల నియామక పరీక్షలో, తెలుగు స్కూల్ అసిస్టెంట్‌గా ఎంపికయ్యాను. అక్టోబరు 9న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో నియామక పత్రాలు ఇస్తారన్న వార్తకు ముందు రాత్రి శీర్షిక పెట్టింది నేనే. అదే నా ఆఖరి డ్యూటీ. ఆఫీసులో శాలువా కప్పారు. కేకు కోసే సమయానికి ఎడిషన్ ఆలస్యమవుతోందని సగం మంది లేవనే లేదు. గుర్తింపు కార్డు మాత్రం కేకు కంటే ముందే తీసేసుకున్నారు.

పోస్టింగ్ వచ్చేలోపు కొద్దిరోజులు ఖాళీ దొరికింది. తొమ్మిదేళ్లుగా రోజూ రాత్రి ఫోనులో మాట్లాడుతూ, ఒక్కసారి కూడా ముఖం చూడని మండల విలేకరి ఒకాయన ఉన్నారు. బస్సెక్కి ఆయన ఊరు వెళ్లాను. ఆయన గొంతు వెనక ఎప్పుడూ ఒక గరగర వినిపించేది. సిగ్నల్ లోపమనుకునేవాణ్ని. తీరా చూస్తే అది ఆయన జిరాక్సు మిషను.

టీ తెప్పించి, బల్ల కింది నుంచి ఒక పొడుగు రిజిస్టరు తీశారు. నిండా అతికించిన క్లిప్పింగులు. ప్రతిదాని పక్కన పెన్సిలుతో రెండు అంకెలు: పంపినవి 34, పడినవి 11. పంపినవి 28, పడినవి 9. మండల విలేకరులకు జీతం ఉండదు, లైన్ అకౌంట్ ఉంటుంది. అచ్చయిన మేరకే డబ్బు. ఇది నాకు తెలియనిది కాదు. కానీ పేజీలో చోటు చాలక నేను వార్త కోసిన ప్రతిసారీ అక్కడ పెన్సిలు కదులుతోందని మాత్రం ఎన్నడూ తట్టలేదు.

చెరువు గండి వార్త దగ్గర వేలు పెట్టి, “ఇది మరీ నాలుగు లైన్లకు దించారు సార్” అన్నారు.

“ఆ రోజు ఆఖరి నిమిషంలో ప్రకటన వచ్చిందన్నా” అన్నాను.

ఆయన పెద్దగా నవ్వారు. “ఆ ప్రకటన తెచ్చింది కూడా నేనే సార్!”

ఆగస్టు 15కూ జనవరి 26కూ ఈ విలేకరుల మీద మోపే ప్రకటనల టార్గెట్ల గురించి మొదలుపెడితే ఇది ఇప్పట్లో తెమలదు. జీతం ఇవ్వని మనిషికి టార్గెట్ ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కాబట్టి మీరు కూడా పక్క కుర్చీ వాళ్ల గురించి అంతగా బెంగపడకండి, వాళ్లు ఎలాగూ పెళ్లిళ్లలో కనిపిస్తారు. రాత్రి తొమ్మిది దాటాక మీ ఫోనులో ఎక్కువసార్లు మోగిన పేరు ఎవరిదో చూసుకుని, వాళ్ల ఊరు వెళ్లండి. చేతులూపుకుంటూ కాకుండా పళ్లో స్వీట్లో పట్టుకెళ్లండి. నేను ఏమీ తీసుకెళ్లలేదు.

క్షమించమని అడుగుదామనే అనుకున్నాను, మాట పెగల్లేదు. బడిలో చేరడానికి కావలసిన సర్టిఫికెట్లు సంచిలోనే ఉంటే, మూడు సెట్లు జిరాక్సు తీయమన్నాను. తీసి, పిన్ను కొట్టి ఇచ్చారు. పేజీకి రెండు రూపాయల చొప్పున లెక్కకట్టి డబ్బు తీసుకున్నారు, ఒక్క పేజీ కూడా తగ్గించకుండా.