వినపడని తమ్ముడు బొమ్మలు బాగా వేస్తాడు, కోనసీమలో దారేది?

మీ తమ్ముడికి పుట్టుకతో వినపడదు, అమలాపురం దగ్గర ఉంటాం, అవకాశాలూ తనలాంటి కళాకారుల తోడూ కావాలి అన్నారు. నా మటుకు నేను ముందు తోడే వెతకమంటాను.

దానికి సైగ భాష కావాలి. ఢిల్లీలోని భారతీయ సైగ భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 10,000 పదాల నిఘంటువును వీడియోలుగా ఉచితంగా పెట్టింది. ఇంటిల్లిపాదీ నేర్చుకోండి. సైగలొస్తే రాజమండ్రి, కాకినాడల్లోని బధిరులతో వాట్సాప్ వీడియో కాల్‌లోనే గంటలు మాట్లాడుకోవచ్చు. ఎక్కడ పని ఉందో, ఎవరు డబ్బు సరిగ్గా ఇస్తారో వాళ్ల ద్వారానే తెలుస్తుంది.

డ్రాయింగ్ క్లాసులో చేర్పిస్తే మాస్టారితో ముందే మాట్లాడండి. బోర్డు వైపు తిరిగి చెబితే ఇతనికి ఏమీ అందదు. ముందు గీసి చూపించి, తర్వాత వెలుతురులో ఇటు తిరిగి చెప్పాలి. గీస్తున్న చేతిని, చెబుతున్న ముఖాన్ని ఒకేసారి చూడలేడు కదా! దామెర్ల రామారావు చిత్రాలున్న రాజమండ్రి గ్యాలరీకి కూడా ఒకసారి తీసుకెళ్లండి.

యూడీఐడీ కార్డు, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డు లేకపోతే వెంటనే అప్లై చేయండి. పథకాలు చాలావరకు 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకే. జాతీయ దివ్యాంగజన ఆర్థిక సంస్థ 2022 నుంచి నగరాల్లో దివ్య కళా మేళాలు పెడుతోంది. దివ్యాంగులు తమ చేతిపనులు అక్కడ నేరుగా అమ్ముకోవచ్చు. స్వయం ఉపాధికి లోన్లూ ఇస్తుంది. మీ ఇంట్లో నరసాపురం లేసు అల్లేవాళ్లుంటే, ఇతనితో కొత్త డిజైన్లు గీయించి చూడండి.

కళను దివ్యాంగులకు అందుబాటులో ఉంచాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. పోటీకో ప్రదర్శనకో పేరిచ్చేటప్పుడు సైగ భాషా అనువాదకుణ్ణి మొహమాటపడకుండా అడగండి.