రాజీనామా రాసిస్తే 75,000 ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా?

ప్రశ్న: జడ్చర్ల దగ్గర ఒక ఫార్మా కంపెనీలో ప్యాకింగ్ కార్మికుడిని. పర్మినెంట్ రోల్ మీద 9 ఏళ్ల 7 నెలలు, అంతకుముందు ఏడాదిన్నర కాంట్రాక్టర్ కింద చేశాను. నెలకు 24,000 వస్తుంది, అందులో బేసిక్, డీఏ కలిపి 10,000. మా సెక్షన్ ఎత్తేస్తున్నారట. రాజీనామా రాసిస్తే అన్నీ కలిపి 75,000 ఇస్తామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: రాజీనామా మాత్రం రాయకండి. మీ అంతట మీరు మానేసినట్టు కాగితం మీద పడితే తొలగింపు పరిహారం అడిగే హక్కు పోతుంది, గ్రాట్యుటీ (సర్వీసు ఏళ్లను బట్టి మానేసేటప్పుడు కంపెనీ ఇవ్వాల్సిన మొత్తం) ఒక్కటే మిగులుతుంది. మీ విషయంలో ఆ గ్రాట్యుటీయే దాదాపు 69,000. అంటే వాళ్లు అదనంగా ఇస్తున్నది 6,000 లోపే.

ముందు వేతనం సంగతి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం ఇంటి అద్దె వంటి అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలోనే కలపాలి. మీ అలవెన్సులు 14,000, సగం 12,000. ఆ పై 2,000 కలిస్తే లెక్కకు తీసుకోవాల్సిన వేతనం 12,000. హెచ్‌ఆర్ వాళ్లు 10,000 మీద లెక్క కడితే ఒప్పుకోకండి.

తొలగింపు పరిహారం అంటే, పూర్తయిన ప్రతి ఏడాది సర్వీసుకూ 15 రోజుల సగటు వేతనం. చివర్లో ఆరు నెలలు దాటిన భాగాన్నీ ఏడాదిగానే లెక్కిస్తారు, కాబట్టి మీకు 10 ఏళ్లు. ఏడాదికి 6,000 చొప్పున 60,000. గ్రాట్యుటీకి నెలను 26 రోజులుగా తీసుకుంటారు: 12,000ను 26తో భాగించి, 15తో, 10తో గుణిస్తే 69,231. ఇవి రెండూ వేరువేరు హక్కులు, ఒకటి ఇచ్చి రెండోది ఎగ్గొట్టడం కుదరదు. నెల ముందు నోటీసు ఇవ్వకపోతే మరో 12,000 రావాలి. కొత్త కోడ్‌లోని రీస్కిల్లింగ్ ఫండ్ (తొలగించిన కార్మికుల కోసం పెట్టిన నిధి) నుంచి 15 రోజుల వేతనం, 6,000, తొలగించిన 45 రోజుల్లో ఖాతాలో పడాలి. దీనికి సర్వీసుతో సంబంధం లేదు. అన్నీ కలిపితే 1,47,231.

చేరిన తేదీ దగ్గర జాగ్రత్త. కంపెనీ రికార్డు మీ సర్వీసు 9 ఏళ్ల 5 నెలలని చూపిస్తే ఒక ఏడాది ఎగిరిపోయి, పరిహారం, గ్రాట్యుటీ రెండింటిలో కలిపి 12,923 తగ్గుతుంది. అందుకే ఈ రోజే యూఏఎన్‌తో (మీ పీఎఫ్ నంబర్‌తో) పీఎఫ్ పాస్‌బుక్, సర్వీస్ హిస్టరీ డౌన్‌లోడ్ చేసుకోండి. ఏ సంస్థ ఎప్పటి నుంచి పీఎఫ్ కట్టిందో, చేరిన, మానేసిన తేదీలేమిటో అందులో ఉంటాయి. మధ్యలో ఎప్పుడైనా మానేసినట్టు, మళ్లీ చేరినట్టు ఉంటే అక్కడే సర్వీసు తెగిందని వాదిస్తారు. నియామక పత్రం, జీతం స్లిప్పులు తోడుంచుకోండి. అనుమతి తీసుకున్న సెలవు, జబ్బు, పనిలో ప్రమాదం వల్ల రాని రోజులు సర్వీసును తెంపవు.

కాంట్రాక్టర్ దగ్గర చేసిన ఏడాదిన్నర మామూలుగా కంపెనీ లెక్కలోకి రాదు. ఆ కాంట్రాక్టు పేరుకే అని ట్రిబ్యునల్‌లో (కార్మిక వివాదాలు తేల్చే కోర్టు లాంటిది) రుజువైతే తప్ప. దాని మీద ఆశ పెట్టుకుని మిగతాది ఆపుకోకండి.

కంపెనీలో 300 మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది కార్మికులుంటే తొలగింపుకు ప్రభుత్వ అనుమతి, మూడు నెలల నోటీసు కావాలి. పరిహారం లెక్క మాత్రం అదే. పన్ను గురించి భయం వద్దు, తొలగింపు పరిహారంలో 5 లక్షల వరకు మినహాయింపు ఉంది.

75,000లో ఏది ఎంతో విడివిడిగా రాసిమ్మని ఉత్తరం ఇచ్చి, మీ కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి. వాళ్లు ఉత్తరం తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. "అన్ని బకాయిలూ ముట్టాయి" అన్న కాగితం మీద డబ్బు ఖాతాలో పడకముందు సంతకం చేయవద్దు. తేడా వస్తే మహబూబ్‌నగర్‌లోని కార్మిక శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. తొలగింపును సవాలు చేస్తూ ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే గడువు ఇప్పుడు రెండేళ్లే. గ్రాట్యుటీ దరఖాస్తు మాత్రం మానేసిన 30 రోజుల్లోపు పెట్టేయండి.