జింజర్ బీర్ ఇంట్లోనే కలుపుకోండి, లోన్ మాత్రం తీసుకోకండి

ప్రశ్న: నా వయసు 34. కొండాపూర్‌లో ఉంటాం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతికి 92,000 వస్తుంది. మా ఆవిడ స్కూల్ టీచర్, జీతం 28,000. పాపకి నాలుగేళ్లు. ఇంటి లోన్ ఈఎంఐ 38,000, కారుకి 11,500, పాప స్కూలుకి నెలకి 8,000 పడుతుంది, ఊళ్లో అమ్మానాన్నలకి 8,000 పంపిస్తాం, ఇంటి ఖర్చులు 27,000. మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే సిప్ 10,000. మూడు నెలలుగా పబ్‌కి వెళ్లడం మానేసి మాస్కో మ్యూల్, డార్క్ అండ్ స్టార్మీ లాంటి జింజర్ బీర్ (అల్లంతో చేసే గ్యాస్ డ్రింకు) కాక్‌టెయిల్స్ ఇంట్లోనే కలుపుతున్నాను. బయట ఒక్కోటి 650, ఇంట్లో 210. నెలకి 12 డ్రింకులంటే 5,280 ఆదా. చిన్న ఫ్రిజ్, సోడా మెషిన్, రాగి మగ్గులు క్రెడిట్ కార్డు మీద నో-కాస్ట్ ఈఎంఐలో కొన్నాను, నెలకి 7,500, ఇంకా ఐదు నెలలు కట్టాలి. ఇప్పుడు హాల్లో ఒక బార్ కౌంటర్ పెట్టి, సొంతంగా జింజర్ బీర్ తయారుచేసి ఫ్రెండ్స్ పార్టీలకి అమ్ముదామనుకుంటున్నాను. 3.5 లక్షలు కావాలి. 14 శాతానికి మూడేళ్ల పర్సనల్ లోన్ తీసుకోనా, సిప్ డబ్బు తీయనా, మా ఆవిడ నగలు పెట్టి గోల్డ్ లోన్ తీసుకోనా? సేవింగ్స్ ఖాతాలో 60,000 ఉన్నాయి. అత్యవసరానికి క్రెడిట్ కార్డులో 4 లక్షల లిమిట్ ఎలాగూ ఉంది.

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. ఒకరికి బైక్, ఒకరికి కెమెరా, ఇంకొకరికి హోమ్ థియేటర్. వస్తువు మారుతుంది గానీ చివర్లో ఒక వాక్యం మాత్రం మారదు: 'అత్యవసరానికి కార్డు లిమిట్ ఎలాగూ ఉంది.' మీ ప్రశ్న ఎంచుకున్నది ఆ ఒక్క వాక్యం కోసమే. జింజర్ బీర్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. నాకూ ఇష్టమే.

ముందు మీ లెక్కే చూద్దాం. నెలకి 5,280 ఆదా అంటున్నారు. మూడు నెలలకి 15,840. ఆ డబ్బు ఎక్కడుందండీ? మీ ఖాతాలో ఉన్నది 60,000, అంతే. మీరు రాసిన ఖర్చులన్నీ కూడితే 92,500. దానికి 7,500 కార్డు ఈఎంఐ కలిపితే సరిగ్గా లక్ష. ఇద్దరి జీతం లక్షా ఇరవై వేలు. సిప్ 10,000 పోగా ఇంకో 10,000 మిగలాలి. అది మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. వీకెండ్‌లో కరిగిపోతోందని నా అనుమానం. పబ్‌లో 12 డ్రింకులు తాగేవారు ఇంట్లో 12 దగ్గర ఆగరు. ఇల్లు కాబట్టి ఫ్రెండ్స్ వస్తారు, ఫ్రెండ్స్ వచ్చారు కాబట్టి బిర్యానీ వస్తుంది. 650 నుంచి 210 తీసేయడం లెక్కే, కాదనను. ఆ తేడా ఖాతాలో పడితేనే ఆదా, లేకపోతే కాగితం మీది అంకె.

పోనీ, ఆ 5,280 నిజంగానే మిగులుతోందనుకుందాం. 3.5 లక్షలకి 14 శాతం చొప్పున 36 నెలల ఈఎంఐ 11,960 దాకా ఉంటుంది. 5,280 మిగిలించుకోవడానికి 11,960 కట్టడం ఏం లెక్క? మూడేళ్లలో వడ్డీయే 80,000 దాటుతుంది. మీ ధర ప్రకారమే అది 120కి పైగా మాస్కో మ్యూల్స్, పబ్‌లో కూర్చుని తాగొచ్చు.

ఇక అసలు విషయం. రేపు మీ ఉద్యోగం పోయిందనుకోండి. ఈ మాట రాయడం నాకూ ఇష్టం లేదు గానీ, మీ రంగంలో ఇప్పుడు ఎవరూ దీన్ని అపశకునం అనుకోవడం లేదు. నెలకి లక్ష తప్పనిసరి ఖర్చు. మీ ఆవిడ జీతం 28,000 పోగా 72,000 కావాలి. ఖాతాలో ఉన్న 60,000 ఎన్నాళ్లొస్తుంది? ఇరవై ఐదు రోజులు. పర్సనల్ లోన్ కూడా తోడైతే ఇరవై ఒక్క రోజు. ఒక కంపెనీలో మూడు రౌండ్ల ఇంటర్వ్యూ పూర్తయ్యేలోపే ఇంటి ఈఎంఐ బౌన్స్ అవుతుంది. ఈ ఇరవై ఐదు అనే అంకెని కాగితం మీద రాసి మీ కొత్త ఫ్రిజ్‌కి అంటించండి.

కార్డు ఉందిగా అంటారు. 2020 ఏప్రిల్‌లో ఒకాయన నా దగ్గరికి వచ్చారు, ఒక ట్రావెల్ సంస్థలో మేనేజర్. లాక్‌డౌన్‌తో జీతం ఆగింది. ఆయన ధైర్యమంతా మూడు లక్షల కార్డు లిమిట్ మీదే. ఒక పొద్దున ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, లిమిట్ 40,000కి తగ్గించామని. తప్పు చేసింది లేదు, బాకీ పడింది లేదు. గొడుగు అరువిచ్చినవాడు వాన మొదలవగానే వెనక్కి తీసుకుపోయాడు. ఆ మెసేజ్ నాకు చూపిస్తున్నప్పుడు ఆయన చెయ్యి వణకడం నాకింకా గుర్తుంది. లిమిట్ అనేది బ్యాంకు డబ్బు. ఎప్పుడు తగ్గించాలో, ఎప్పుడు ఆపాలో వాళ్లిష్టం. సరిగ్గా మీకు అవసరమైన రోజునే మీరు వాళ్లకి రిస్కుగా కనిపిస్తారు.

ఒకవేళ లిమిట్ అలాగే ఉన్నా, హోమ్ లోన్ ఈఎంఐ కార్డుతో కట్టలేరు. నగదు తీయాలి. తీసిన రోజు నుంచే వడ్డీ, పైన ఫీజు. నెలకి మూడు, మూడున్నర శాతం అంటే ఏడాదికి నలభై శాతం దగ్గరికి పోతుంది, దాని మీద 18 శాతం జీఎస్‌టీ. కార్డు బాకీ తీర్చడానికి లోన్ యాప్, ఆ యాప్‌ని తీర్చడానికి ఇంకో యాప్. ఈ దారిలో నడిచి నా దగ్గరికి వచ్చినవాళ్లెవరూ మూర్ఖులు కాదు. అందరూ 'ఎలాగూ లిమిట్ ఉంది' అనుకున్నవాళ్లే.

అందుకని మీకు కావలసింది బార్ కౌంటర్ కాదు, ఆరు లక్షలు. ఆరు నెలల ఖర్చు. ఒక్కసారే అంటే గుండె జారుతుంది కాబట్టి మొదటి మజిలీ మూడు లక్షలు. సిప్ ఒక ఏడాది ఆపండి. సిప్ ఆపమని చెప్పే సలహాదారు అరుదు, నేనూ మామూలుగా చెప్పను. కానీ ఇరవై ఐదు రోజుల ఇంధనంతో ఉన్న ఇంటికి ఈక్విటీ ఫండ్ ముందు అవసరం కాదు. వీకెండ్ పదివేలని 3,500కి తెండి. ఈ రెండింటితో నెలకి 16,500. కార్డు ఈఎంఐ తీరే ఐదు నెలలకి 82,500 అవుతుంది, ఉన్న 60,000తో కలిపి 1,42,500. ఆపైన ఆ 7,500 కూడా చేరి నెలకి 24,000. మరో ఏడు నెలలకి మూడు లక్షలు దాటతారు. అంటే మొత్తం ఏడాది. మధ్యలో బోనస్ వస్తే అదంతా ఇందులోకే, గడువు తగ్గుతుంది. మూడు లక్షలు చేరాక సిప్ మళ్లీ మొదలుపెట్టి, మిగతాది నెమ్మదిగా నింపండి. డబ్బు సగం స్వీప్ ఎఫ్‌డీలో (సేవింగ్స్ ఖాతాకి ముడిపడ్డ డిపాజిట్), సగం లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా వెనక్కి తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్). రెండున్నర శాతం ఎక్కువొస్తుందని ఎవరో చెప్పారని వేరే చోట పెట్టకండి. ఇది సంపాదించే డబ్బు కాదు, కాపలా కాసే డబ్బు.

గోల్డ్ లోన్ వడ్డీ తక్కువే. కానీ పాపకి రాత్రి రెండు గంటలకి జ్వరం ముదిరి ఆస్పత్రికి పరిగెత్తాల్సి వస్తే ఆదుకోవలసిన బంగారం బార్ కౌంటర్ కోసం తాకట్టులో ఉంటుంది. మీ ఆవిడని అడిగారా? ఉత్తరంలో ఆ మాట లేదు. సిప్ డబ్బు తీయడం గురించి కూడా అదే జవాబు: వద్దు.

వ్యాపారం ఆలోచన గురించి రెండు ముక్కలు. తినే, తాగే వస్తువు తయారుచేసి అమ్మాలంటే ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. అందులో మద్యం కలిపి డబ్బు తీసుకున్నారంటే అది ఎక్సైజ్ శాఖ చూసుకునే కేసు, ఫ్రెండ్స్ అన్న మాట అక్కడ చెల్లదు. పులియబెట్టిన జింజర్ బీర్ సీసాలో గ్యాస్ పెరిగి గాజు పగిలే ప్రమాదం కూడా ఉంది. కొన్నవాడి వంటగదిలో పగిలితే బాధ్యత ఎవరిది?

మీరు కలుపుతున్న మాస్కో మ్యూల్‌కీ ఒక కథ ఉంది. దానికి మాస్కోతో సంబంధం లేదు. 1941లో లాస్ ఏంజిలెస్‌లో పుట్టిందని చెబుతారు. స్మిర్నాఫ్ వోడ్కా అమెరికాలో అమ్ముడుపోక సతమతమవుతున్న హ్యూబ్లైన్ కంపెనీ జాన్ మార్టిన్, తను తయారుచేసిన జింజర్ బీర్ కదలక తలపట్టుకున్న కాక్ అండ్ బుల్ అనే బార్ యజమాని జాక్ మోర్గన్ కలిసి, ఇద్దరి దగ్గర పేరుకుపోయిన సరుకుని ఒకే గ్లాసులో పోశారట. ఈ కథలో నాకు నచ్చేది అదే. గోడౌన్‌లో ఉన్నదాన్ని వదిలించుకున్నారు తప్ప, కొత్తగా అప్పు చేసి కౌంటర్ కట్టలేదు.

మీరూ ఉన్నదానితోనే కానివ్వచ్చు. వంద గ్రాముల అల్లం తురిమి గుడ్డలో గట్టిగా పిండండి. చల్లారిన చక్కెర పాకంలో ఆ రసం కలిపి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే వారం వస్తుంది. ముప్పై మి.లీ. అల్లం పాకం, తొంభై మి.లీ. చల్లటి సోడా. మీకు కావలసిన 120 మి.లీ. జింజర్ బీర్ దాదాపు వచ్చేసినట్టే. నిమ్మ సోడా బండి దగ్గర పెరిగినవాళ్లకి ఇది కొత్త విద్యేం కాదు. స్టీలు గ్లాసు నిండా ఐసు, 45 మి.లీ. వోడ్కా, 10 మి.లీ. నిమ్మరసం, ఆ అల్లం పాకం, చివర్లో సోడా పోసి చెంచాతో ఒక్కసారి తిప్పండి, గ్యాస్ పోకుండా. మీ 210లో పెద్ద వాటా దిగుమతి జింజర్ బీర్ సీసాదే అయి ఉంటుంది. 200 మి.లీ. సీసాలో డ్రింకుకి పోసేది 120, మిగిలిన 80 మర్నాటికి గ్యాస్ పోయి అల్లం షర్బత్ అవుతుంది. 750 మి.లీ. వోడ్కా సీసాకి 16 డ్రింకులు వస్తాయి, మీ నెల లెక్కకి ఒక్క సీసా చాలు. డార్క్ అండ్ స్టార్మీ అన్న పేరు బెర్ముడాకి చెందిన గాస్లింగ్స్ ట్రేడ్‌మార్క్. అమ్మితేనే ఆ పేరుతో గొడవ. ఇంట్లో ఓల్డ్ మాంక్‌తో కలుపుకుంటే ఎవరూ అడగరు, దిగుమతి రమ్ అక్కర్లేదు.

ఇన్సూరెన్స్ గురించి మీరు అడగలేదు. టర్మ్ పాలసీ ఉంటే, ఫారంలో మద్యం అలవాటు లేదని రాశారేమో ఒకసారి చూసుకోండి. పాలసీ మొదలైన మూడేళ్లలోపు క్లెయిమ్ వస్తే కంపెనీ ఆ జవాబుని తవ్వుతుంది. అబద్ధం రాసి ఉంటే ఇప్పుడే కంపెనీకి రాసి సరిచేయించండి, ప్రీమియం కాస్త పెరిగినా సరే. హెల్త్ కవర్ ఆఫీసుదొక్కటే అయితే ఉద్యోగంతో పాటే అదీ పోతుంది, సొంతంగా ఒకటి తీసుకోండి.

చివరిగా ఆ రాగి మగ్గులు. మా అమ్మమ్మ రాగి చెంబులో మజ్జిగ పోయనిచ్చేది కాదు. కళాయి లేని రాగికి పులుపు తగిలితే ఆ రాగి పానీయంలోకి దిగుతుంది, నిమ్మరసానికీ అదే వర్తిస్తుంది. మగ్గు లోపల స్టీలు పూత ఉందో లేదో వేలితో కాదు, వెలుతురులో చూడండి. లోపల కూడా ఎర్రగానే మెరుస్తుంటే అలంకారానికి తప్ప పనికిరాదు. రిటర్న్ గడువు మిగిలి ఉంటే ఇవాళే వెనక్కి పంపండి. పంపాక కార్డు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఆ ఈఎంఐ రద్దయిందా అని అడగండి. వస్తువు వెనక్కి వెళ్లినా ఈఎంఐ నెలనెలా కోస్తూనే ఉండటం నేను చాలాసార్లు చూశాను.