అమెరికాలోనూ ‘చిన్న’ ఎన్నికలేనా?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా పౌరుడు. 2020లో గంటసేపు లైన్లో నిలబడి ఓటేశాడు. 2022లో మాత్రం “ఇది మిడ్‌టర్మ్ అమ్మా” అంటూ ఇంట్లోనే ఉన్నాడు. అక్కడ అందరూ ఇంతేనా?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: చాలామంది అంతేనమ్మా. మిడ్‌టర్మ్ అంటే అధ్యక్షుడి నాలుగేళ్ల పదవీకాలం మధ్యలో వచ్చే ఎన్నికలు. అర్హులైనవారిలో 2020 అధ్యక్ష ఎన్నికల్లో సుమారు 66 శాతం ఓటేస్తే, 2022 మిడ్‌టర్మ్‌లో 46 శాతమే. 2014 మిడ్‌టర్మ్‌లో అయితే 37 కూడా దాటలేదు. 2018లో సగం మంది కదిలితేనే, మిడ్‌టర్మ్‌లలో వందేళ్లలో ఎక్కువన్నారు!

మిడ్‌టర్మ్‌లో అధ్యక్షుడి పేరు బ్యాలెట్‌లో ఉండదు. అక్కడి పార్లమెంటు దిగువ సభైన ప్రతినిధుల సభలోని 435 సీట్లకు, ఎగువ సభ సెనేట్‌లో మూడో వంతుకు, చాలా రాష్ట్రాల్లో గవర్నర్లకు (మన ముఖ్యమంత్రుల్లాంటివాళ్లు) ఎన్నిక జరుగుతుంది. నిజానికి చిన్న విషయమేం కాదు. కానీ టీవీల్లో ఆ హోరు ఉండదు, చాలా సీట్లలో గెలిచేదెవరో ముందే తెలిసిపోతుంది. పైగా ఓటింగ్ మంగళవారం, దేశమంతటికీ సెలవుండదు.

మనకు సెలవిచ్చినా ఏం లాభం లెండి. 2020 డిసెంబర్ 1న బల్దియా (హైదరాబాద్ నగరపాలక సంస్థ) ఎన్నికలకు నేను ఇరానీ చాయ్ తాగి తీరిగ్గా వెళ్తే, బూత్‌లో నా ముందు ఇద్దరే. నగరం మొత్తం మీద 46 శాతం చిల్లర. కాకపోతే మన లెక్క జాబితాలో పేరున్నవాళ్ల మీద. పైన చెప్పిన అమెరికా లెక్క, నమోదు చేసుకోనివాళ్లను కూడా కలిపి. అక్కడ చాలా రాష్ట్రాల్లో పోస్టులోనూ ఓటేయొచ్చు. మీవాడికి లైనే ఇబ్బందైతే ఆ సంగతి కనుక్కోమనండి.