పాత వేట రైఫిల్‌లో ఇంకొకరు లోడ్ చేసిన తూటాలు వాడొచ్చా?

తాతగారి 8×57 మౌజర్ రైఫిల్ మీ చేతికొచ్చింది, తెలిసినాయన ఇంట్లో లోడ్ చేసిన తూటాలు ఇస్తానంటున్నారు, వాడొచ్చా అని అడిగారు. వద్దు. ఆయన ఎంత చేయి తిరిగినవాడైనా సరే, వాటిని తన రైఫిల్ కోసం చేసుకున్నాడు. మీదాన్ని ఆయన కొలిచి చూడలేదు కదా.

నా దగ్గరా అదే కాలిబర్ పాత రైఫిల్ ఉంది, కాబట్టి ఈ తలనొప్పి నాకు బాగా తెలుసు. 8×57 పేరుతో రెండు రకాల బ్యారెళ్లు ఉన్నాయి. 1888 నాటి జర్మన్ రైఫిల్‌తో వచ్చిన మొదటి రకానికి బుల్లెట్ (తూటా కొసన ఉండి బయటికి దూసుకెళ్లే ముక్క) వ్యాసం సుమారు 8.08 మి.మీ. 1905 ప్రాంతంలో సైన్యం 8.20కి మారింది. వేట రైఫిళ్లు మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు పాత కొలతతోనే తయారయ్యాయి, అందుకే తయారైన సంవత్సరం చూసి తేల్చేయలేం. తేడా వెంట్రుకవాసే. కానీ లావు బుల్లెట్ ఇరుకు బ్యారెల్లో పడితే పీడనం ప్రమాదకరంగా పెరగొచ్చు. అమెరికన్ కంపెనీలు ఈ తూటాని తక్కువ పీడనంతో లోడ్ చేసేది ఈ భయంతోనే.

రైఫిల్ మీద కొట్టిన ముద్రల్ని కూడా పూర్తిగా నమ్మొద్దు, మధ్యలో ఎవరో బ్యారెల్ మార్చి ఉండొచ్చు. నేను గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే ఆయన) దగ్గర కొలిపించాను. ఖాళీ బ్యారెల్లోకి నూనె రాసిన మెత్తని సీసం ముక్కని తోసి, అవతలికొచ్చాక దాని మీద ఉబ్బెత్తుగా ఉన్న చోట వ్యాసాన్ని మైక్రోమీటర్‌తో కొలుస్తారు. ఛాంబర్‌కి (తూటా కూర్చునే చోటుకి) అచ్చు పోయించి, అందులో తూటాకి వదులు ఎక్కువైందేమో చూసే హెడ్‌స్పేస్ గేజ్ కూడా పెట్టించండి.

తర్వాత ఇత్తడి కేసులు, అంటే మళ్లీ నింపి వాడే తూటా తొడుగులు. చాలాసార్లు పేలిన కేసు అడుగుకి కాస్త పైన లోపలి గోడ పలచబడుతుంది. కొక్కెంలా వంచిన పేపర్ క్లిప్ కొసతో లోపల గీరితే అక్కడ చిన్న గాడి తగులుతుంది. బయట మెరిసే వలయం కనిపించినా అంతే, ఆ కేసు పారేయాల్సిందే. ప్రైమర్ (కేసు అడుగున ఉండి మందుని అంటించే చిన్న మూత) చదునైతే పీడనం ఎక్కువైనట్టు అంటారు గానీ, పాత రైఫిల్‌కి ఆ గుర్తు కనిపించే సరికే ఆలస్యమైపోయి ఉండొచ్చు.

కొలతలు తేలాక ఆయన్నే పక్కన కూర్చోబెట్టుకోండి, అనుభవం పనికొస్తుంది. మీ బ్యారెల్‌కి సరిపడే బుల్లెట్ తెప్పించి, దానికీ మీ కాలిబర్‌కీ ముద్రించిన లోడింగ్ పుస్తకంలో ఉన్న కనిష్ఠ మందు మోతాదుతో మొదలుపెట్టండి. నెట్‌లో ఎవరో రాసిన మోతాదు వద్దు. స్పీడు కోసం పాకులాడటం ఈ వయసు రైఫిల్‌తో అనవసరం. ఇంట్లో లోడ్ చేయడానికి మీ చోట లైసెన్స్ కావాలేమో కూడా ముందే కనుక్కోండి.

ఆయన ఇప్పటికే ఇచ్చేసి ఉంటే మొహమాటపడకుండా వెనక్కిచ్చేయండి. బుల్లెట్, కేసు విడదీసుకుని ఆయనే మళ్లీ వాడుకోవచ్చు.