మస్టరింగ్ పనికి వెళ్లే ముందు

ఆస్ట్రేలియా వర్క్ అండ్ హాలిడే వీసా లాటరీలో పేరొచ్చిందని, అక్కడి ఉత్తరాన కేథరిన్ అనే ఊరి అవతల ఒక క్యాటిల్ స్టేషన్ (పశువుల్ని పెంచే పెద్ద క్షేత్రం) వాళ్లు రమ్మంటున్నారని రాశావు తమ్ముడూ. జీతం గురించి, బూట్ల గురించి అడిగావు గానీ అసలు అడగాల్సింది, అక్కడి పని ఎలా ఉంటుందన్నది, వదిలేశావు.

స్టేషన్ అంటే మన పొలం లెక్క కాదు. దక్షిణ ఆస్ట్రేలియాలోని అన్నా క్రీక్ స్టేషన్ 15 వేల చదరపు కిలోమీటర్ల పైనే, మన ఇప్పటి తెలుగు జిల్లాల్లో దేనికన్నా పెద్దది. నువ్వెళ్లేది అంత ఉండదులే. వానలు ఆగి మట్టిరోడ్లు ఆరాక ఏప్రిల్, మే నెలల్లో మస్టరింగ్, అంటే మందల్ని ఒకచోటికి తోలుకొచ్చే పని, మొదలవుతుంది. చిన్న హెలికాప్టర్లు చెట్ల మీదుగా ఎగురుతూ మందను కదిలిస్తాయి. కింద గుర్రాల మీద, మోటార్‌సైకిళ్ల మీద రింగర్లు (పశువుల కాపర్లు) వాటిని ఇనుప కంచె వేసిన యార్డుల్లోకి తోలతారు.

ఆ పశువుల మూపురం, వేలాడే గంగడోలు చూసి నువ్వు తడబడతావు. అవి బ్రాహ్మన్ జాతి, వాటిలో మన ఒంగోలు రక్తం ఉంది. నేను మెకానిక్‌గా వెళ్లిన సీజన్‌లో మొదటిరోజు యార్డు దగ్గర నిలబడి మా తాత ఎడ్లను తలుచుకున్నాను. మర్నాడు అక్కడే దూడల్ని పట్టి చెవికి ట్యాగు కొట్టి, కొమ్ములు కోసి, కాల్చిన ఇనుముతో ముద్ర వేశారు. ఆ పొగ వాసనకి రెండు రోజులు అన్నం సయించలేదు. భోజనంలో కూడా ఎక్కువగా స్టేషన్‌లో కోసిన గొడ్డుమాంసమే. తినడం, చూడటం నీ ఇష్టం, నేను తప్పొప్పులు చెప్పను. తిననంటే మాత్రం వంటమనిషికి ఫోన్లోనే చెప్పేయ్. కందిపప్పు, చిన్న కుక్కర్ డార్విన్‌లో కొనుక్కుని వెళ్లు.

యార్డు పని నావల్ల కాదనుకుంటే బోర్ రన్ అడుగు. రోజూ బండేసుకుని తిరుగుతూ పంపులు నడుస్తున్నాయా, తొట్లలో నీళ్లున్నాయా అని చూడాలి. బండి ఆగిపోతే దాని నీడలోనే కూర్చుని రేడియోలో పిలువు, నడవకు. రెండు కిలోమీటర్లే కదా అని నడిచి నేను తిన్న తిట్లు ఇప్పటికీ గుర్తే.

జీతం చీటీలు మాత్రం మొహమాటపడకుండా ఎప్పటికప్పుడు అడిగి దాచుకో. రెండో ఏడాది వీసాకి మూడు నెలల పని లెక్క వాటితోనే చూపాలి.